అతుకు పక్కన జిగురు మచ్చ పడకుండా
విజయనగరంలో మా షాపుకి రిపేరుకొచ్చే టేకు తలుపుల్లో పాలిష్ చెడేది ఎక్కువగా అతుకు పక్కనే. ఫెవికాల్ పీల్చుకున్న చోట చెక్కకి రంగు పట్టదు, పాలిపోయిన మచ్చ తేలుతుంది.

జిగురు బెజ్జం (చెక్కలో తొలిచిన రంధ్రం) లోపలి గోడలకే ఎక్కువ రాయండి. కుసికి (ఆ బెజ్జంలో దూరే చెక్క కొసకి) దట్టంగా పూస్తే బిగించేటప్పుడు అంతా బయటికి తోసుకొస్తుంది. అతుకుకి అటూ ఇటూ ముందే మాస్కింగ్ టేప్ వేసుకోండి. కారిన జిగురుని తడిగుడ్డతో తుడవొద్దు (మా కుర్రాళ్లు ఎంత చెప్పినా అదే చేస్తారు). నీళ్లకి పల్చబడి చెక్క నారలోకి ఇంకిపోతుంది. అరగంట ఆగి, గోరుతో నొక్కితే రబ్బరులా ఉన్నప్పుడు పదునైన ఉలితో లేపండి, పొరలా ఊడొస్తుంది. వానాకాలం ఇంకాస్త ఆగాలి.

పాలిష్‌కి ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి చూడండి. జిగురున్న చోట చెక్క తడి పట్టక తేలిగ్గా దొరికిపోతుంది. అక్కడ గీకి, నార వెంబడి సాండ్ పేపర్ పట్టండి.