1850కి ముందు అమెరికా పూర్వీకులను వెతకాలంటే

అమెరికా సంబంధం కలుపుకున్న ఇళ్ళలో అల్లుడి వైపో కోడలి వైపో వంశవృక్షం గీయడానికి కూర్చుంటే, 1850 దాకా పని చకచకా సాగుతుంది. అంతకు వెనక్కి వెళ్ళగానే టెన్షన్ మొదలు. 1790 నుంచి 1840 దాకా జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్ళంతా వయసుల వారీ గళ్ళలో వట్టి అంకెలు.

ఇక్కడ పనికొచ్చేవి కౌంటీ కోర్టుల్లోని వీలునామాలు, భూమి దస్తావేజులు. వీలునామాలో "నా కూతురు, ఫలానా అతని భార్య" అన్న ఒక్క ముక్క దొరికితే చాలు, పెళ్ళితో ఇంటిపేరు మారిపోయిన ఆడపిల్ల దొరికినట్టే. భూమి అమ్మినప్పుడు భార్య తన హక్కు వదులుకుంటున్నట్టు చాలాచోట్ల రాయించుకునేవారు. ఆవిడ పేరు ఇంకెక్కడా లేకపోయినా అక్కడ ఉండొచ్చు. సాక్షుల పేర్లు కూడా రాసిపెట్టుకోండి, బావమరుదులు తరచూ అక్కడే తగులుతారు.

మన జిల్లాల్లాగే కౌంటీలూ చీలాయి. పాత కాగితాలు సాధారణంగా మాతృ కౌంటీలోనే ఉంటాయి.

ఇంకోటి, తేదీలు. 1752కి ముందు బ్రిటిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 డిసెంబర్‌లో పుట్టిన బిడ్డకు 1720 జనవరిలో బాప్తిస్మం అని కనిపిస్తే గుమాస్తా మత్తులో రాశాడనుకోకండి. అది మన లెక్కలో 1721 జనవరి. వాషింగ్టన్ పుట్టిన ఏడును 1731/32 అని రాయడం కూడా అందుకే.

చాలా దస్తావేజుల స్కాన్లు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూడొచ్చు.