పల్లె లైబ్రరీలో పుస్తకాలకి చెద పట్టకుండా
ఊళ్ళల్లో శాఖా గ్రంథాలయం చూసుకునేవాళ్ళకి ఒక మాట, వానలు మొదలయ్యేలోపే బీరువాలు, ర్యాకులు గోడకి జానెడు ఎడంగా జరిపేయండి, పాత బిల్డింగ్ అయితే మరీను, చెదలు గోడ మీద మట్టి దారి కట్టుకుంటూ వస్తాయి కదా, సందు ఉంటే టార్చ్ వేయగానే కనిపించేస్తాయి. అడుగు అరలో పాత పేపర్ల కట్టలు అస్సలు పెట్టొద్దు, చెదలకి విందు భోజనమే. చాలామంది వేపాకు వేస్తారు, వేయండి గానీ గలగలలాడేలా ఎండాకే, పచ్చిది వేస్తే బూజు గ్యారంటీ. తడిసిన పుస్తకాన్ని ఎండలో పడేయకండి అట్ట వంకరపోద్ది, ఫ్యాన్ కింద నిలబెట్టి పేజీలు కాస్త విడదీస్తే చాలు. పోటీ పరీక్షల పుస్తకాలకి మాత్రం ఈ బాధే లేదులెండి, అవి ర్యాక్‌లో ఉంటేగా!