జీటీఏలో రాకెట్ లాంచర్‌తో పోలీస్ హెలికాప్టర్‌ని కూల్చి ప్రాణాలతో బయటపడటం ఎలా?

జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) వీడియో గేమ్ ఆడేవాళ్ల చేతికి రాకెట్ లాంచర్ రాగానే జరిగేది నేను చాలాసార్లు చూశాను. ముందు పక్కనే ఆగి ఉన్న కారు మీద పేలుస్తారు, కారుతో పాటు తామూ పోతారు. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి హెలికాప్టర్ కనబడగానే గురి లేకుండా నాలుగు రాకెట్లు వదులుతారు. నాలుగూ ఆకాశంలో కలిసిపోతాయి. ఐదోది ఎదురుగా ఉన్న లైటు స్తంభానికి తగిలి వాళ్ల ముఖం మీదే పేలుతుంది. ఆ తర్వాత "ఈ గన్ వేస్ట్" అని పక్కన పడేస్తారు.

తప్పు గన్‌ది కాదు. రాకెట్ లాంచర్‌ని మెషిన్ గన్‌లా వాడితే అంతే అవుతుంది. ఒక హెలికాప్టర్‌కి ఒక రాకెట్ సరిపోతుంది. ఆ ఒక్కటి ఎలా కొట్టాలో చెబుతాను. నేను ఎక్కువగా ఆడింది జీటీఏ 5 స్టోరీ మోడ్ కాబట్టి బటన్లు, లెక్కలు దానివే. మిగతా ఆటల్లో ఎక్కడ తేడా వస్తుందో మధ్యమధ్యలో చెబుతాను.

కావలసినవి

ఆర్‌పీజీ (ఆటలో మామూలు రాకెట్ లాంచర్ పేరు ఇదే) ఒకటి, నిండుగా రాకెట్లు. జీటీఏ 5లో గరిష్ఠంగా 20 పెట్టుకోవచ్చు. అమ్యునేషన్ షాపులో ఆర్‌పీజీ వచ్చాక కొనండి, అక్కడే కవచం కూడా తీసుకోండి. పాత ఆటల్లో సంపాదించే దారులు వేరు. 2001లో వచ్చిన జీటీఏ 3లో ఊళ్లో అక్కడక్కడా దాచిపెట్టిన 100 హిడెన్ ప్యాకేజీలూ ఏరితే రాకెట్ లాంచర్ నేరుగా మీ స్థావరానికే వచ్చేది. ఓపిక ఉన్నవాళ్లకి అంతకంటే మంచి బహుమతి ఆ ఆటలో లేదు.

ఛీట్ కోడ్‌తో తెచ్చుకోవద్దు. నేర్చుకునేటప్పుడు రాకెట్ల మీద పొదుపు ఉండాలి. ఊరికే వచ్చే రాకెట్లతో గురి ఎప్పటికీ కుదరదు. పైగా జీటీఏ 5లో ఛీట్ వాడితే ఆ సెషన్‌లో ట్రోఫీలు, అచీవ్‌మెంట్లు రావు.

ఇంకొకటి, జీటీఏ 5లోని ముగ్గురు హీరోల్లో మైకేల్‌తో ఆడండి. అతని ప్రత్యేక శక్తి కాలాన్ని నెమ్మది చేస్తుంది, ఈ పనికి కావలసింది అదే. ఫ్రాంక్లిన్ శక్తి కారు నడిపేటప్పుడే పనిచేస్తుంది. ట్రెవర్ దెబ్బలు బాగా తట్టుకుంటాడు కానీ అతనితో ఆడితే కాలం ఆగదు, గురి కుదరదు. హెలికాప్టర్ పని మైకేల్‌ది.

హోమింగ్ లాంచర్ ఎందుకు వద్దంటే

"హోమింగ్ లాంచర్ ఉండగా ఇంత కష్టం ఎందుకు? అదే లాక్ చేసుకుని వెంటపడుతుంది కదా" అని అడుగుతారు. వెంటపడుతుంది, నిజమే. కానీ లాక్ అయ్యేదాకా హెలికాప్టర్‌ని చూపులోంచి పోనివ్వకుండా పట్టుకుని నిలబడాలి. ఆ కాసేపూ పైనున్న తుపాకీవాళ్లకి మీరు కదలని లక్ష్యం. లాక్ అయ్యాక కూడా రాకెట్ హెలికాప్టర్ వైపే వంగుతుంది తప్ప మధ్యలో ఏముందో చూసుకోదు. హెలికాప్టర్ భవనం వెనక్కి తిరిగిందంటే రాకెట్ వెళ్లి గోడకి గుద్దుకుంటుంది. మామూలు ఆర్‌పీజీ రాకెట్ మీరు చూపించిన చోటికే పోతుంది. దాన్ని నమ్మవచ్చు.

పాత ఆట జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి, మామూలుది, వేడిని పసిగట్టి వెంటపడేది. అక్కడా నా ఓటు మామూలుదానికే. ఇదే తరహా వేరే ఆట సెయింట్స్ రో 2లో మూడో రకం ఉంది, వదిలాక లేజర్ చుక్కతో రాకెట్‌ని దారి తిప్పవచ్చు. చూడటానికి బాగుంటుంది. కానీ దానికి అలవాటు పడితే గాల్లో సరిదిద్దుకోవచ్చులే అనిపిస్తుంది, వదిలేముందు ఆలోచించడం మానేస్తారు. ఆ తర్వాత ఏ ఆటలోనూ గురి కుదరదు.

చోటు, సేవ్, స్టార్లు

ఇవి తేలిక పనులు, త్వరగా ముగించండి.

ముందు ఫోన్‌లో క్విక్ సేవ్ చేయండి. స్టార్లు (పోలీసులు మీ వెంట ఎంత గట్టిగా పడుతున్నారో చూపే గుర్తులు) పడ్డాక సేవ్ కాదు. తర్వాత చోటు చూసుకోండి. నాకు ఒకే ఒక్క రకం చోటు నచ్చుతుంది, సొరంగం నోరు. ఆటలోని నగరం లాస్ శాంటోస్ మధ్యలోంచి పోయే వరద కాలువ దగ్గర అలాంటివి దొరుకుతాయి. బయటికి పది అడుగులు వేస్తే ఆకాశం మొత్తం మీది, వెనక్కి పది అడుగులు వేస్తే హెలికాప్టర్‌కి మీరు కనబడరు. మేడ మీదికి ఎక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కడం బాగానే ఉంటుంది, దిగడానికి దారి ఉండదు. ఎడారిలో గురి సులభం కానీ నాలుగు వైపుల నుంచీ పోలీసు కార్లు వస్తాయి.

ఇక స్టార్లు. హెలికాప్టర్ మూడో స్టార్‌కి వస్తుంది. దీనికోసం రాకెట్లు ఖర్చు చేయకండి, చిన్న తుపాకీతో పోలీసులని రెచ్చగొడితే చాలు. మూడు పడగానే సొరంగంలోకి వెళ్లి రెక్కల చప్పుడు కోసం ఎదురుచూడండి. కింద నుంచి వచ్చే పోలీసులని మామూలు గన్‌తో ఆపుతూ ఉండండి. ఆర్‌పీజీ ఇంకా చేతికి తీసుకోవద్దు. శాన్ ఆండ్రియాస్‌లో అయితే ఇది మరీ ముఖ్యం, లాంచర్ చేతిలో ఉంటే హీరో సీజే వేగంగా పరుగెత్తలేడు. ఆ ఆటలో చచ్చిపోతే గన్లన్నీ పోతాయి కూడా. అందుకే అక్కడ తొందర అసలు పనికిరాదు.

రాకెట్ వదిలే క్షణం

అసలు కష్టం ఇక్కడే. ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఏదైనా తప్పినా దిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పితే మళ్లీ మొదటికి రావాలి. కాబట్టి ఇది నిదానంగా చదవండి.

ముందుగా ఒక విషయం బుర్రకెక్కాలి. మీరు చూస్తున్నది మైకేల్ కళ్లతో కాదు. కెమెరా అతని వెనుక, కుడి భుజం పైన, కాస్త పక్కకి ఉంటుంది. తెర మధ్యలో కనబడే చుక్క ఆ కెమెరా చూపు. రాకెట్ బయలుదేరేది కెమెరా నుంచి కాదు, గొట్టం మూతి నుంచి. గొట్టం కెమెరాకి ముందు, ఎడమగా, కిందగా ఉంటుంది. అంటే చుక్కకి దారి ఖాళీగా ఉన్నా రాకెట్‌కి దారి ఖాళీగా ఉందని అర్థం కాదు. మీ ఎడమ పక్కన గోడ అంచు ఉందనుకోండి. కెమెరాకి అది అడ్డం రాదు, హెలికాప్టర్ స్పష్టంగా కనబడుతుంది, చుక్క దాని మీదే ఉంటుంది. బటన్ నొక్కుతారు. రాకెట్ రెండడుగులు పోయి ఆ గోడ అంచుకి తగులుతుంది. పేలుడు మీ మీదే.

ఇది నాకు తెలియక ముందు ఒక పార్కింగ్ భవనం మూల దగ్గర వరసగా మూడుసార్లు చచ్చాను. మూడుసార్లూ ఆటలో ఏదో లోపం ఉందనుకున్నాను. నాలుగోసారి రాకెట్ వెళ్లే దారి గమనించాను. పొగ గోడ దగ్గరే ఆగిపోయింది. అప్పటి నుంచీ ఎడమ పక్కన ఏదైనా ఉంటే వదలను.

కాబట్టి వదిలేముందు మూడు చూడాలి. ఎడమ పక్కన గోడ, స్తంభం, చెట్టు ఉందా? ఉంటే రెండడుగులు కుడికి జరగండి. ముందు కింద భాగంలో పిట్టగోడ, రెయిలింగ్, కారు పైకప్పు ఉందా? పైకి కొట్టేటప్పుడు ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు కానీ మేడ మీద నుంచి కిందికి కొట్టేవాళ్లలో చాలామంది దీనికే బలవుతారు. మూడోది, మీ ముందు నుంచి ఎవరైనా పరుగెత్తుతున్నారా? బెదిరిపోయిన జనం ఎటు పడితే అటు పరుగెత్తుతారు. రాకెట్‌కి మనిషి అడ్డం వచ్చినా చాలు, పేలుతుంది.

కవర్ తీసుకుని, అంటే గోడకి ఆనుకుని, ఆర్‌పీజీ వాడొద్దు. ఎప్పుడూ వద్దు. గోడకి ఆనుకోవడం బుల్లెట్ల కోసం పుట్టిన పద్ధతి. బుల్లెట్ గోడకి తగిలితే గోడ గీసుకుంటుంది, అంతే. రాకెట్ తగిలితే మీరుండరు.

దీనికి ఇంకా నమ్మకమైన ఉపాయం ఉంది. వదిలే ముందు ఫస్ట్ పర్సన్ వ్యూకి, అంటే పాత్ర కళ్లతోనే చూసే కోణానికి, మారండి. పీసీలో వీ బటన్ నొక్కుతూ పోతే వస్తుంది. 2014 నవంబర్‌లో పీఎస్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లతో ఇది వచ్చింది, 2015లో వచ్చిన పీసీ వెర్షన్‌లో మొదటి నుంచీ ఉంది. ఈ వ్యూలో మీ కన్నూ గొట్టమూ దాదాపు ఒకే చోటికి వస్తాయి. అడ్డం ఉన్నది అడ్డంగానే కనబడుతుంది. పాత జీటీఏ ఆటలైన వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లలో రాకెట్ లాంచర్ ఎయిమ్ చేయగానే ఆటే ఈ వ్యూలోకి తీసుకెళ్లేది. ఈ ఆయుధానికి అదే సరైన చూపు అని నా అభిప్రాయం. "ఫస్ట్ పర్సన్ అలవాటు లేదు" అంటారు. ఆట మొత్తం అలా ఆడమని ఎవరూ అనడం లేదు, రాకెట్ వదిలే మూడు సెకన్లు చాలు.

ఇప్పుడు గురి. రాకెట్ బుల్లెట్ కాదు. వదిలిన చోటి నుంచి హెలికాప్టర్ దాకా పోవడానికి దానికి సమయం పడుతుంది, ఆలోగా హెలికాప్టర్ అక్కడ ఉండదు. పక్కకి పోతున్న హెలికాప్టర్ మీద చుక్క పెట్టి కొడితే రాకెట్ ప్రతిసారీ తోక వెనక నుంచే పోతుంది. దీనికి అందరూ చెప్పే మందు "దాని ముందు కొట్టు" అని. ఎంత ముందు? దూరాన్ని బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది. దగ్గరలో ఉంటే ఒక హెలికాప్టర్ పొడవు, దూరంగా ఉంటే రెండు మూడు పొడవులు. ఇది చాలా రాకెట్లు పోగొట్టుకుంటే కానీ చేతికి రాదు.

నేను చేసేది అది కాదు. పక్కకి పోతున్నప్పుడు అసలు కొట్టను. పోలీస్ హెలికాప్టర్ మీ చుట్టూ తిరుగుతుంది, తిరిగి తిరిగి ఒక చోట దిశ మార్చుకుంటుంది. మార్చుకునేటప్పుడు వేగం తగ్గుతుంది. లేదా ముక్కు నేరుగా మీ వైపు పెట్టి వస్తుంది. ఈ రెండు సందర్భాల్లో అది తెర మీద పక్కకి కదలదు, ఉన్నచోటే చిన్నదో పెద్దదో అవుతుంది. అదే మీ సమయం. చుక్కని రెక్కల మీద కాదు, కింద పొట్ట మీద పెట్టండి. రెక్కల మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది.

ఆ క్షణం వచ్చేదాకా ఆగడమే చాలామందికి చేతకాదు. పైనుంచి కాలుస్తుంటే టెన్షన్ వస్తుంది, వేలు బటన్ మీదికి పోతుంది. అందుకే సొరంగం. కాల్పులు ఎక్కువైతే వెనక్కి రండి, ఊపిరి పీల్చుకోండి, మళ్లీ వెళ్లండి. హెలికాప్టర్ ఎక్కడికీ పోదు. కాకపోతే సొరంగం లోపలి నుంచే కొట్టే ప్రయత్నం చేయొద్దు, నెత్తి మీద కప్పు ఉంది. పూర్తిగా బయటికి వచ్చే కొట్టండి.

వరస ఇది: లోపల ఉండగానే వెపన్ వీల్ (ఆయుధం ఎంచుకునే చక్రం) తెరిచి ఆర్‌పీజీ తీసుకోండి, ఫస్ట్ పర్సన్‌కి మారండి. బయటికి పది అడుగులు. ఎడమ, కింద, జనం చూసుకోండి. ఎయిమ్ చేయండి. హెలికాప్టర్ మీ వైపు తిరగడం మొదలుపెట్టగానే మైకేల్ శక్తి వాడండి. పీసీలో క్యాప్స్ లాక్, కంట్రోలర్‌లో రెండు స్టిక్‌లూ కలిపి నొక్కాలి. శక్తి నిండుగా ఉంటే దాదాపు 30 సెకన్లు వస్తుంది, మీకు అందులో ఐదో వంతు చాలు. పొట్ట మీద చుక్క నిలిచాక ఒక్కటి వదలండి.

ఒక్కటే. తగిలిందో లేదో చూడకుండా రెండోది లోడ్ అయ్యేదాకా అక్కడే నిలబడటం పెద్ద తప్పు. తప్పిపోయినా సరే లోపలికి రండి. లోడ్ అవడం లోపల జరగనివ్వండి.

కూలాక

తగిలిందంటే వెంటనే పక్కకి పరుగెత్తండి. మీ వైపే వస్తున్న హెలికాప్టర్‌ని కొట్టారు కాబట్టి దాని శకలం కూడా మీ వైపే పడుతుంది. సంబరంగా నిలబడి చూసి దాని కింద నలిగిపోయినవాళ్లని చూశాను.

కాసేపటికి ఇంకో హెలికాప్టర్ వస్తుంది. దాన్నీ కూల్చాలనిపిస్తుంది, వద్దు. మధ్యలో దొరికిన ఆ ఖాళీ తప్పించుకోవడానికే. సొరంగంలోకి దూరి రెండో కొస వైపు నడవండి. మినీమ్యాప్‌లో పోలీసుల చూపు కోన్ ఆకారంలో కనబడుతుంది, అందులోకి వెళ్లకుండా ఉంటే స్టార్లు మెరుస్తూ మెరుస్తూ పోతాయి. ఆర్‌పీజీ మాత్రం చేతిలోంచి మార్చేయండి. పొరపాటున సొరంగంలో ఒక్కసారి బటన్ నొక్కారంటే పడిన శ్రమంతా అక్కడే పోతుంది.