కథాగీతం రాద్దాం – 4వ పాఠం: భావాన్ని మోసే వస్తువు

గడచిన మూడు పాఠాల్లో పల్లవి, చరణాల కొలతలను, గతిని, కథ చెప్పే గొంతు ఎవరిదో ముందుగానే తేల్చుకోవలసిన అవసరాన్ని చూశాం. కథాగీతం రాసేవారికి వీటన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చే నేర్పు మరొకటి ఉంది. దుఃఖం, ప్రేమ, ఎడబాటు వంటి మాటలను పాట గడప తొక్కనివ్వకుండా, వాటి భారాన్ని కంటికి కనిపించే ఒక వస్తువు మీద పెట్టడమే ఆ నేర్పు. దానిని ఈ వారం ఒకే ఒక ఆల్బమ్‌ను దగ్గర పెట్టుకుని అభ్యసిద్దాం. అమెరికన్ కంట్రీ సంగీతంలో గీతకర్తగా, గాయకుడిగా పేరు పొందిన గై క్లార్క్ తొలి రికార్డు ‘ఓల్డ్ నంబర్ వన్’ మన పాఠ్యగ్రంథం. 1975లో ఆర్‌సీఏ అనే రికార్డుల సంస్థ విడుదల చేసిన ఈ రికార్డులో ఉన్నవి 10 పాటలు. పదీ ఆయన రాసి, బాణీ కట్టుకున్నవే. పాఠం చదివే ముందు ఒకసారి, చదివిన తరువాత మరొకసారి వినండి. టెక్సస్ యాస మొదట చెవికి పట్టకపోవచ్చు, అయితే ఆయన మాటను తాపీగా, దాదాపు మాట్లాడుతున్నట్లుగా పాడతారు కనుక రెండోసారికి దారి దొరుకుతుంది.

క్లార్క్ 1941లో పశ్చిమ టెక్సస్‌లోని మోనహాన్స్ అనే చిన్న ఊరిలో పుట్టారు. చమురు బావుల మీద బతికే ఆ ఊరిలో ఆయన నాయనమ్మ ఒక హోటల్ నడిపేవారు, అందులో బస చేసేవారిలో బావులు తవ్వే పనివాళ్ళూ ఉండేవారు. తరువాత హ్యూస్టన్‌లో జానపద సంగీత వేదికల మీద పాడి, కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో డోబ్రో గిటార్లు (లోహపు పళ్ళెంతో నాదాన్ని పెంచే గిటార్లు) తయారు చేసే కర్మాగారంలో పని చేసి, 1971లో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ చేరుకున్నారు. రికార్డు వచ్చేనాటికి ఆయనకు 30 ఏళ్ళు దాటాయి. అప్పటికే ఇందులోని కొన్ని పాటలను జెర్రీ జెఫ్ వాకర్ అనే గాయకుడు 1972, 1973 సంవత్సరాల్లో పాడి రికార్డు చేశారు. తొలి ఆల్బమ్ అనగానే మనకు తోచే తడబాటు ఇందులో కనిపించకపోవడానికి ఈ ఆలస్యమే కారణమని నా అభిప్రాయం. ఏళ్ళ తరబడి నోట నానిన పాటలు కావడంతో, ఉండనక్కరలేని మాట వాటిలో దాదాపుగా మిగలలేదు. అమ్మకాల లెక్కలో ఇది పెద్ద విజయమేమీ కాదు కానీ, కథాగీతాలు రాసేవారు దీనిని నేటికీ వింటూనే ఉన్నారు.

ఇప్పుడు ‘డెస్పరాడోస్ వెయిటింగ్ ఫర్ ఎ ట్రైన్’ అనే పాటను దగ్గరగా చూద్దాం. నాయనమ్మ హోటల్లో ఉండిన ఒక ముసలి చమురు పనివాడికీ, చిన్నపిల్లవాడిగా ఉన్న క్లార్క్‌కూ నడుమ సాగిన చెలిమి ఇందులోని కథ. పాట మొదలయ్యేది వంటింట్లో. పిల్లవాడు ‘రెడ్ రివర్ వ్యాలీ’ అనే పాత జానపద గీతం వాయిస్తూ ఉంటే ముసలాయన కూర్చుని ఏడుస్తాడు. ఎందుకు ఏడ్చాడన్నది కవి విడమరచి చెప్పడు, ఆ వృద్ధుడు తన జీవితాన్ని నెమరువేసుకుంటూ, తాను తవ్విన బావులన్నీ ఎండిపోయాయా అని తలపోసుకుంటాడు, అంతే. తాగి బండి నడపలేని స్థితిలో తన కారును పిల్లవాడి చేత నడిపించడం, ఊరిలోని కెఫేలో ముసలివాళ్ళంతా బీరు తాగుతూ డామినోలు ఆడుతూ ఉండడం, ఏళ్ళు గడిచాక 80కి చేరువైన ఆ మనిషి గడ్డం మీద పొగాకు మరకలు దిగడం, ఇలా ఒక్కో దృశ్యం ఒక్కో వస్తువుతో వస్తుంది. చివరి చరణంలో, మరణానికి ముందు రోజున, ఎదిగిన యువకుడు ఆయనను చూడడానికి వెళతాడు. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఒక వంటింటిని ఊహించుకుని, ఆ పాత గీతంలోని ఇంకొక చరణం పాడుకుంటారు. మొదట్లో నిజంగా ఉండిన వంటిల్లు ఇక్కడ ఊహలో మాత్రమే ఉంది. శోకమంతా ఆ తేడాలోనే ఉంది. చరణం చివర మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి మాట కూడా గమనించండి. రైలు కోసం ఎదురు చూసే ఇద్దరు బందిపోట్లన్నది మొదట పిల్లవాడి ఆట. అక్షరం మారకుండానే అది చివరికి చావు కోసం ఎదురుచూపు అవుతుంది. పల్లవిని మార్చకుండా దాని చుట్టూ ఉన్న కాలాన్ని కదిలించడం ఈ ప్రక్రియలోని కీలకం.

‘టెక్సస్, 1947’ అనే పాటలో ఇదే పని ఒక నాణెం చేస్తుంది. కొత్తగా వచ్చిన వేగపు రైలును చూడడానికి ఊరంతా స్టేషనుకు తరలివస్తుంది, రైలు ఆగకుండా దూసుకుపోతుంది, పట్టాల మీద పెట్టిన ఐదు సెంట్ల బిళ్ళ అప్పడంలా పలచబడి ఆరేళ్ళ పిల్లవాడి చేతిలో మిగులుతుంది. ఆధునికత ఒక పల్లెను పలకరించకుండా దాటిపోయిన తీరును ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పడం కష్టం.

‘లెట్ హిమ్ రోల్’ వేరొక పాఠం నేర్పుతుంది. ఈ పాటను క్లార్క్ చాలావరకు వచనంలా పలుకుతారు. డాలస్‌లోని ఒక వేశ్యను ప్రేమించి, తాగుడుకు బానిసై, చౌక హోటల్లో లిఫ్టు నడిపి బతికిన మనిషి చనిపోతాడు. అంత్యక్రియలకు పురోహితుడిని సైతం ప్రభుత్వ సహాయం వాళ్ళే ఏర్పాటు చేస్తారు, ఎవరూ ఏడవరు, దూరంగా నిలబడిన ఒక స్త్రీ తప్ప. నల్లటి మేలిముసుగు, దాని కింద నెరిసిన జుట్టు మనకు ముందుగా కనిపిస్తాయి. ఆమె ఎవరో చివరి మాటలో గానీ తెలియదు. పేరు ముందే చెప్పి ఉంటే ఆ ముసుగు వట్టి అలంకారంగా మిగిలిపోయేది. అందుకని వస్తువును ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, దానిని ఏ పాదంలో విప్పాలో నిర్ణయించుకోవడమూ అంతే ముఖ్యం.

తెలుగులో ఈ పద్ధతిని పాటించబోయేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక ‘-ంది’, ‘-డు’ అనే తోకలతో అంత్యప్రాస అడగకుండానే వచ్చి పడుతుంది. ఆ సులువు మనను భావాలను ప్రకటించే వాక్యాల వైపు లాగుతుంది. బస్సు కండక్టరుగా పని చేసి కాలం చేసిన తాత గురించి రాయాలనుకున్న అభ్యాసకుడు మొదట ఇలా రాస్తాడు:

తాతయ్యను తలచి తలచి గుండె బరువెక్కింది
మాటలాడు మనిషి లేక ఇల్లు చిన్నబోయింది

ఇందులో తప్పేమీ లేదు, కానీ ఈ తాత ఎవరి తాతైనా కావచ్చు. దీనినే క్రియలు తీసివేసి, వస్తువును ముందుకు తెచ్చి రాసి చూద్దాం:

కొక్కేనికి వేలాడే ఖాకీ చొక్కా
టిక్కెట్టుల సంచీ రాసిన భుజపు చిరుగు

నాలుగేసి మాత్రల చొప్పున ఐదు గణాలు, పాదానికి 20 మాత్రలు, రెండో పాఠంలో సాధన చేసిన చతురస్ర గతికి సరిపోతాయి. అంత్యప్రాస వదిలేశాం, దానికి బదులు పాదంలో రెండో అక్షరమైన ‘క్క’ ప్రాసగా నిలిచింది. మన పద్యకవులు వాడిన కట్టు ఇది, కథాగీతానికీ చక్కగా ఒదుగుతుంది. సినిమా పాటల అలవాటు వల్ల చాలామంది బాణీ ముందు దొరికితే తప్ప కలం కదపలేరు. ఈ పాఠం వరకు బాణీని పక్కన పెట్టండి, మాత్రలు సరిపోతే అది వెనకాల వస్తుంది.

దొరికిన మాటను దొరికిన చోటే రాసిపెట్టుకోవడమూ సాధనలో భాగమే. లాస్ ఏంజిలస్‌ను వదిలిపోవాలన్న కోరిక మీద క్లార్క్ రాసిన పాటకు మూలమైన వాక్యం, ఒక రాత్రి కచేరీ ముగించుకుని కారులో తిరిగి వస్తుండగా ఆయనకు తట్టింది. భార్య సుసానా కనుబొమలకు వాడే పెన్సిల్ అడిగి తీసుకుని బర్గర్ సంచి మీద దానిని గీకారు. నాష్‌విల్ చేరాక ఆ కాగితమే పాటగా మారింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అట్ట మీద కనిపించే నూలు చొక్కా బొమ్మ వేసినది కూడా సుసానాయే.

ఈ వారం అభ్యాసానికి మీరు బాగా ఎరిగిన ఒక మనిషిని ఎంచుకుని, ఆ మనిషి చేతిలో, ఒంటి మీద, గదిలో ఉండే వస్తువుల జాబితా రాయండి. మరొకరి ఇంట్లో కూడా యథాతథంగా ఉండగలదనిపించిన వస్తువును నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి; కళ్ళజోడు పోతుంది, దారంతో కట్టిన కళ్ళజోడు కాడ నిలుస్తుంది. మిగిలిన వాటిలో ఒకదానిని మొదటి చరణంలో ఉన్నదిగా, చివరి చరణంలో లేనిదిగా చూపుతూ మూడు చరణాలు రాయండి. ‘బాధ’, ‘ప్రేమ’, ‘జ్ఞాపకం’, ‘కన్నీరు’ అనే నాలుగు మాటలు ఎక్కడా రాకూడదు. రాసినది పైకి చదివి, మాత్ర తప్పిన పాదం కింద గీత గీసి ఉంచండి. ఆ పాదాలను గిటారు మీద మూడు కార్డులకు (కలిపి మీటే స్వరాల గుచ్ఛాలకు) సర్దడం అయిదో పాఠంలో చేస్తాం.