మ్యాప్‌కి రంగులేయాలా? ముందు బాణాలు గీయండి

పక్కపక్క రాష్ట్రాలకి ఒకే రంగు పడకూడదు, చేతిలో 4 రంగులే ఉన్నాయి. ఈ తలనొప్పిని నీళ్ల పైపుల లెక్కగా మార్చేయొచ్చని గణితవేత్త విలియం టట్ 1954 నాటికే చూపించాడు. చేసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు, పెన్సిల్ తీయండి.

రంగులకి 0, 1, 2, 3 అని నంబర్లివ్వండి. తెలంగాణ 0, మహారాష్ట్ర 1, కర్ణాటక 2 అనుకుందాం. ఈ మూడూ కలిసే చోటు నుంచి మూడు సరిహద్దుల వెంటా బయటికి బాణాలు గీసి, ఒక్కో బాణం వెంట నడుస్తున్నట్టు ఊహించుకుని, ఎడమచేతి వైపు నంబరులోంచి కుడిచేతి వైపుది తీసేయండి. ఉత్తరానికి నడిస్తే ఎడమన మహారాష్ట్ర, కుడిన తెలంగాణ, అంటే 1. దక్షిణానికైతే ఎడమన తెలంగాణ, కుడిన కర్ణాటక, అంటే −2. పడమరకి మళ్లీ 1. సరిహద్దుల్ని పైపులనుకుంటే, కలిసే చోటు జంక్షన్, ఈ నంబర్లు బాణం వెంట పారే నీళ్లు, మైనస్ అంటే ఎదురు పారడం. కూడితే సున్నా! వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతున్నాయి, పైగా పక్కపక్క నంబర్లు వేరు కాబట్టి ఏ పైపూ ఖాళీగా లేదు.

తిరగేయడమూ తేలికే. ప్రవాహం దొరికితే ఒక రాష్ట్రానికి 0 పెట్టి, బాణానికి కుడి నుంచి ఎడమకి దాటినప్పుడు విలువ కలపండి, ఎడమ నుంచి కుడికైతే తీసేయండి, 4తో భాగించి శేషం రాసుకోండి. ఏ దారిన వెళ్లినా అదే రంగొస్తుంది.

కోడ్‌లో అయితే బాణాల దిక్కులు ముందే ఖాయం చేసి, ప్రతి పైపుకీ కనీసం 1, గరిష్ఠం 3 పెట్టండి. ఆ 1 ముందే పంపేస్తే కొన్ని జంక్షన్లలో నీళ్లు మిగులుతాయి, కొన్నిట్లో తగ్గుతాయి. నీళ్లు మిగిలిన జంక్షన్లకి కొత్త సోర్స్ (నీళ్లు పుట్టే చోటు) నుంచి, తగ్గినవాటి నుంచి కొత్త సింక్‌కి (నీళ్లు ఇంకే చోటుకి) పైపులేసి, వీలైనన్ని ఎక్కువ నీళ్లు పంపే మామూలు మ్యాక్స్ ఫ్లో పద్ధతి నడిపితే చాలు. సోర్స్ పైపులన్నీ నిండకపోతే తప్పు మ్యాప్‌ది కాదు, దిక్కులది. కొన్ని తిప్పి మళ్లీ నడపాలి, అసలు కష్టమంతా ఇక్కడే. గరిష్ఠం 2 పెడితే అది 3 రంగుల ప్రశ్న, ఎన్‌పీ-కంప్లీట్, అంటే వేగంగా తేల్చే పద్ధతేదీ ఇంకా దొరకని రకం, పెద్ద మ్యాపుల మీద ఆశ పెట్టుకోకండి.

మొదటిసారి నేను సముద్రానికి నంబరివ్వడం మర్చిపోయి, కోస్తా జంక్షన్లు ఒక్కటీ కుదరక గంటసేపు తల పట్టుకున్నాను. దేశం బయటున్నదంతా ఒక రాష్ట్రమే అనుకోండి. అలాగే చుట్టూ ఆంధ్ర ఉన్న యానాంకి పుదుచ్చేరి రంగే పడాలని పట్టుబట్టకండి, ఏ మ్యాప్‌కైనా 4 రంగులు చాలని 1976లో గణితవేత్తలు అపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో తేల్చిన హామీ ఒకే ముక్కగా ఉన్న ప్రాంతాలకే.