సిరిమాను నుంచి సంబరాల దాకా: అడ్వాన్స్ తీసుకునే ముందు ఒక పేజీ రాసుకోండి

దసరా దగ్గరపడింది. తొలేళ్లు, పైడితల్లమ్మ సిరిమాను, ఆ వెనకాలే పెళ్లి ముహూర్తాలు, సంక్రాంతి, అరసవల్లి రథసప్తమి, ఆ తర్వాత ఎండాకాలం దాకా ఊరూరా గ్రామదేవతల సంబరాలు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆర్కెస్ట్రా నడిపేవాళ్లకి, తప్పెటగుళ్ల బృందాలకి, సన్నాయి మేళాలకి, సౌండ్, లైటింగ్, టెంట్ హౌస్, వీడియో వాళ్లకి ఏడాది సంపాదనంతా ఈ నెలల్లోనే. బకాయిలు, తగువులు పుట్టేదీ ఈ నెలల్లోనే. నాలాంటి వకీళ్ల దగ్గరికి మాత్రం అవి మే, జూన్‌లో వస్తాయి, చేతిలో ఒక్క కాగితం ముక్క లేకుండా. అందుకే ముందుగా ఇది రాస్తున్నాను.

బుకింగ్ ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. నలభై వేలకి మాట అవుతుంది, ఐదు వేలు ఫోన్‌పేలో పడతాయి, తేదీ ఏదో పెళ్లికార్డు వెనకాల రాసుకుంటారు, "మిగతాది ప్రోగ్రాం అయ్యాక చూసుకుందాం అన్నయ్యా" అని ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది. ఊరి ఉత్సవ కమిటీలో చురుగ్గా తిరిగే కుర్రాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో విశాఖలోనో పనిచేసుకుంటూ పండక్కి ఊరొచ్చినవాళ్లు, మర్నాడు సాయంత్రానికి బస్సెక్కేస్తారు. ఊళ్లో మిగిలిన పెద్దాయన్ని అడిగితే "కుర్రాళ్లు మాట్లాడారు బాబూ, నాకేం తెలీదు" అంటాడు, ఆయన చెప్పేది నిజమే కూడా. వచ్చే ఏడాదికి కమిటీయే మారిపోతుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త, "ఫలానా ఊరి ఉత్సవ కమిటీ" అన్న పేరుతో సరిపెట్టుకోవద్దు. రిజిస్టర్ కాని కమిటీకి చట్టం దృష్టిలో సొంత ఉనికి ఉండదు, దాని పేరు మీద కేసు నడపడం పెద్ద చిక్కు. ఇద్దరు మనుషులు తమ సొంత పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి "ఈ మొత్తానికి మేం బాధ్యులం" అని సంతకం పెట్టాలి, ఆ ఇద్దరిలో ఒకరైనా ఊళ్లో ఉండేవాళ్లయితే మంచిది. కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమో అని మొహమాటపడకండి. "మా బృందంలో అందరికీ లెక్క చెప్పుకోవాలి, అందుకు రాయించుకుంటున్నాం" అని చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

ఆ పేజీలో ఏముండాలంటే, మొత్తం ఎంత, అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎప్పుడు. మిగతాదాంట్లో సగమైనా స్టేజీ ఎక్కేముందే ఇవ్వాలని రాయించుకోండి. ప్రోగ్రాం రద్దయితే ఎవరిది ఎంత పోతుందో కూడా రాయాలి. మన దగ్గర దసరా సీజనంటే తుపాన్ల సీజన్ కూడా. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరులో, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. వాన వచ్చి ఆగిపోతే అడ్వాన్స్ వెనక్కివ్వాలా, వ్యాను కిరాయి ఎవరిది, ఇంకో తేదీకి మారిస్తే రేటు అదేనా, ఇవన్నీ వాన మొదలయ్యాక స్టేజీ వెనక నిలబడి మాట్లాడుకునే విషయాలు కావు.

సౌండ్ వాళ్లకి ఇంకో గండం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకులు వాడకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, అది కూడా ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకూడదు. అంటే "తెల్లవార్లూ ప్రోగ్రాం" అని ఒప్పుకోవడమే మీకు ప్రమాదం. పోలీసులు వచ్చి బాక్సులు ఎత్తుకెళితే నష్టపోయేది కమిటీ కాదు, అప్పు చేసి ఆ బాక్సులు కొన్న మీరు. అనుమతి తెచ్చే పని కమిటీదేనని రాయించుకుని, ఆ కాగితం ఫొటో మీ ఫోన్‌లోకి వచ్చాకే సామాను వ్యానులో ఎక్కించండి. కరెంటు కూడా అంతే. విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ నుంచి తాత్కాలిక కనెక్షన్ కమిటీ పేరు మీద ఉండాలి. వైరుకి కొక్కెం తగిలించి ఇస్తామంటే ఆ ప్రోగ్రాం వదిలేసుకోండి, ఎవరికైనా షాక్ తగిలితే కేసులో మొదట మీ పేరే రాస్తారు.

డాన్సుల విషయం సూటిగా చెప్తాను. బహిరంగంగా అశ్లీల నృత్యాలు, పాటలు పెడితే భారతీయ న్యాయ సంహిత 296 కింద మూడు నెలల దాకా జైలు ఉంది. జనం ఈలలు వేసి అడిగారన్నది కోర్టులో సమాధానం కాదు, పైగా స్టేజీ మీద ఉన్న అమ్మాయిల పరువు ఊరందరి ఫోన్లలో తిరుగుతుంది. ఏం చేస్తారో, ఏం చెయ్యరో బుకింగ్ కాగితంలోనే రాసేయండి, ఆ రాత్రి ఒత్తిడి చేసినవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది. 14 ఏళ్లలోపు పిల్లలు సినిమాలోనో, డబ్బు తీసుకునే షోలోనో చేస్తుంటే జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి, రోజుకి 5 గంటలకు మించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వచ్చినదాంట్లో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి.

ఇక పాటల సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మన ఉత్తరాంధ్ర జానపదానికి యూట్యూబ్‌లో మంచి గిరాకీ వచ్చింది. పల్లెలో ఉండే కుర్రాడు పాట రాసి, బాణీ కట్టి, పాడి, ఏదో ఛానల్ వాళ్లకి ఐదు వేలకో పది వేలకో ఇచ్చేస్తాడు. వాళ్లు ముందుకు తోసిన కాగితంలో చిన్న అక్షరాల్లో "సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటుంది. ఆ మూడు మాటలు చూడగానే పెన్ను కింద పెట్టండి. 1957 కాపీరైట్ చట్టం మీకు చాలా ఇచ్చింది. హక్కుల బదిలీ మీరు సంతకం పెట్టిన రాతలో ఉంటేనే చెల్లుతుంది, నోటిమాట చెల్లదు. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే ఇచ్చినట్టు లెక్క. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంత వరకు, ఆ బదిలీ రద్దయిపోతుంది. మీకు అనుకూలంగా ఉన్న ఈ రక్షణల్లో చాలా వాటిని ఆ మూడు మాటలు చెరిపేస్తాయి. అందుకని "ఈ ఒక్క పాట, ఈ ఛానల్లో, ఇన్నేళ్లకి, ఆదాయంలో ఇంత శాతం" అని రాయించుకోండి. రాసినవాడి హక్కు వేరు, బాణీ కట్టినవాడిది వేరు, పాడినవాళ్ల హక్కు ఇంకా వేరు, అది 50 ఏళ్లు ఉంటుంది. ముగ్గురూ ఒకరే అయితే మూడూ విడివిడిగా రాయాలి.

మీ అమ్మమ్మ నాట్లలో పాడిన పాత పాట అయితే అది ఎవరి సొత్తూ కాదు, మీరు కొత్తగా కలిపిన చరణాలు మాత్రం మీవే. ఎప్పుడు రాశారో చూపించగలగాలి, కాబట్టి మొదటిసారి ఫోన్‌లో పాడుకున్న రికార్డింగ్‌ని, కొట్టివేతలతో ఉన్న నోటు పుస్తకాన్ని పారేయకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, సాహిత్యానికీ సంగీతానికీ రుసుము ఒక్కోదానికి 500 రూపాయలే, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. స్నేహితులంతా కలిసి ఛానల్ పెడుతుంటే మెయిల్ ఎవరిది, డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, ఎవరి వాటా ఎంత, ఒకరు విడిపోతే ఏంటి అన్నది మొదటి పాట ఎక్కించే ముందే రాసుకోవాలి. లక్ష వ్యూస్ వచ్చాక ఆ మాట ఎత్తలేరు.

పెళ్లి ఊరేగింపులో, పెళ్లి సంబరాల్లో, నిజమైన పూజా కార్యక్రమంలో పాటలు వేసినందుకు లైసెన్స్ అడిగితే చట్టంలోనే మినహాయింపు ఉందని చెప్పండి. రిసార్టులో టికెట్టు పెట్టి చేసే న్యూ ఇయర్ ఈవెంట్‌కి అది వర్తించదు.

చిన్న వ్యాపారులకి రెండు మాటలు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, సీజన్‌కి ముందే చేయించుకోండి. విశాఖ ఈవెంట్ కంపెనీలు మీకు సబ్ కాంట్రాక్ట్ ఇచ్చి నెలల తరబడి తిప్పితే, ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోగా చెల్లించాల్సిందేనని, లేదంటే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ అని చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) 2006 చట్టం చెబుతోంది. బిల్లు ఇచ్చి ఉండాలి సుమా. జీఎస్టీ విషయానికొస్తే, జానపద, శాస్త్రీయ కళాకారుల ఒక్కో ప్రదర్శనకి లక్షన్నర దాకా మినహాయింపు ఉంది, సినిమా పాటల ఆర్కెస్ట్రాకి లేదు.

చెక్కు ఇస్తే తేదీ దాటిన మూడు నెలల్లోగా బ్యాంకులో వెయ్యండి. బౌన్స్ అయితే ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు, అది వాళ్లకి చేరాక 15 రోజుల గడువు, అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెల లోపల కోర్టులో ఫిర్యాదు. "రేపిస్తాం, ఎల్లుండి ఇస్తాం" అంటూ వాళ్లు దాటించేది ఈ గడువులనే.

లాయరు ఖర్చుకి భయపడి చాలామంది వదిలేసుకుంటారు. విజయనగరంలో, శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. లాయర్ని పెట్టుకుంటే ఫీజుకి రసీదు అడగండి, కేసు నంబరు తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోండి. "గ్యారంటీగా గెలిపిస్తా" అన్నవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

నిరుడు, అంతకు ముందటేడు బకాయిలు ఉన్నవాళ్లకి ఒక తొందర. బాకీ దావాకి మూడేళ్లే గడువు. ఆ లోపల బాకీ ఉన్నాయన "ఇంత ఇవ్వాలి" అని రాసి తేదీ వేసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఆయన హైదరాబాద్ నుంచి దసరాకి వస్తాడు, నాలుగు రోజులుంటాడు. రెండో రోజే ఇంటికెళ్లి పలకరించండి, కాగితం మీరే రాసి పట్టుకెళ్లండి.