డ్రాగన్ దిగే రోజు సముద్రం అనుకూలంగా ఉందో లేదో మీరే ఎలా చూసుకోవాలి?

2025 జులై 15న మన వ్యోమగామి శుభాంశు శుక్లా కాలిఫోర్నియా తీరంలో, శాన్ డియాగో దగ్గర సముద్రంలో దిగేసరికి మన టైము మధ్యాహ్నం 3 గంటలు. ఆయన ఎక్కిన డ్రాగన్ (వ్యోమగాములని తీసుకెళ్లి తెచ్చే స్పేస్‌ఎక్స్ కంపెనీ నౌక) అంతరిక్ష కేంద్రం నుంచి విడిపోయింది ముందు రోజు సాయంత్రం, అంటే సుమారు 22 గంటల ముందు. అందుకే దిగే చోట ఇప్పుడు ఎండ కాస్తోందా అన్నది లెక్కలోకి రాదు. రేపు ఆ గంటకి అక్కడ గాలి, అల ఎలా ఉంటాయన్నదే చూస్తారు. "వాతావరణం బాగోలేక వాయిదా" అన్న ఒక్క ముక్కతో వార్త వదిలేయకుండా, ఆ అంచనా మనమూ వేసుకోవచ్చు. ఫోన్ ఉంటే చాలు.

మొదట చోటు, టైము రాసుకోండి. 2025 వరకు నాసా వ్యోమగాముల డ్రాగన్లు ఫ్లోరిడా చుట్టూ ఉన్న 7 చోట్లలో ఒకచోట దిగేవి. హైదరాబాద్ మూలాలున్న నాసా వ్యోమగామి రాజా చారి 2022 మే 6న దిగింది అక్కడే, టాంపా దగ్గర. ఇప్పుడు కాలిఫోర్నియా వైపు దిగుతున్నాయి. వేసవిలో కాలిఫోర్నియా టైముకి పన్నెండున్నర గంటలు కలిపితే మన టైము, చలికాలంలో పదమూడున్నర.

తర్వాత విండీ లాంటి వాతావరణ వెబ్‌సైట్ తెరిచి, దిగే చోట వేలు పెట్టి, ఆ గంటకి జరపండి. గాలి సెకనుకు 15 అడుగులు దాటకూడదని నాసా నియమం. అంటే గంటకు 16 కిలోమీటర్లు. ఇది మనకి పిల్లగాలే. కానీ డ్రాగన్ 4 పెద్ద పారాచూట్లతో దిగుతుంది. నీళ్లలో పడ్డాక పడవల వాళ్లు దగ్గరికి వెళ్లి, దాన్ని ఓడ మీదకి ఎత్తాలి. నెలల తరబడి బరువు తెలియకుండా గడిపిన మనుషులు లోపల ఉంటారు. వాళ్లని ఎగుడుదిగుడు నీళ్లలో ఎక్కువసేపు ఉంచకూడదు.

ఇక అలలు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఎత్తు ఒక్కటే చూసి. నాసా చూసేది అల వాలు, అది 7 డిగ్రీలు దాటకూడదు. వాలు తెలియాలంటే ఎత్తుతో పాటు ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎన్ని సెకన్లో కూడా కావాలి. ఈ రెండూ ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. 2 మీటర్ల అలలు 14 సెకన్లకొకటి వస్తుంటే, వాటి మధ్య దూరం లోతు నీళ్లలో సుమారు 300 మీటర్లు, వాలు ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ. నౌక ఉయ్యాలలా లేచి దిగుతుంది, అంతే. అవే 2 మీటర్లు 5 సెకన్లకొకటి వస్తే దూరం 39 మీటర్లే, వాలు 9 డిగ్రీలు. ఆ రోజు దిగడం కుదరదు. ఎత్తు మారలేదు, నిర్ణయం మారిపోయింది! నాకు ఈ లెక్క అర్థమైన రోజు నుంచి సముద్రం బొమ్మ చూసే తీరే మారింది.

వాన, పిడుగులు ఉన్నాయేమో కూడా చూడండి. హెలికాప్టర్ ఎగరాలి కాబట్టి పొగమంచు కూడా ముఖ్యమే.

ఒకచోట బాగోలేదంటే వెంటనే వాయిదా అనుకోవద్దు, పక్క చోటు వెతకండి. 2020 ఆగస్టులో ఇసాయాస్ తుఫాను ఫ్లోరిడా తూర్పు తీరం వైపు వస్తుంటే, డ్రాగన్ అవతలి వైపు పెన్సకోలా దగ్గర క్షేమంగా దిగింది. 1969లో అపోలో 11 దిగాల్సిన చోట ఉరుములతో వాన పడేలా ఉందని, ఆ చోటుని సుమారు 400 కిలోమీటర్లు జరిపారు. ఎక్కడా కుదరకపోతే ఆగడమే. 2024 అక్టోబరులో క్రూ-8 అనే వ్యోమగాముల బృందం మిల్టన్ తుఫాను వల్ల, ఆ తర్వాత కూడా సముద్రం కుదురుకోక, రెండు వారాలకు పైగా కేంద్రంలోనే ఉండిపోయింది.

అంచనా ఒక్కసారి చూసి వదిలేయకండి. వాళ్లు వ్యోమగాములు ఎక్కే ముందు చూస్తారు, విడిపోయాక దారిలో చూస్తారు, చివరగా డీఆర్బిట్ బర్న్‌కి, అంటే కక్ష్య నుంచి కిందికి దిగడానికి ఇంజిన్లు మండించే ముందు చూస్తారు. మీరూ ఆ వేళలకే చూడండి. విడిపోయాక కూడా గాలి మారితే, ఒకటి రెండు రోజులు కక్ష్యలోనే తిరుగుతూ ఆగే వీలుంది. దిగడానికి సుమారు గంట ముందు ఇంజిన్లు మండించి వేగం తగ్గించాక మాత్రం వెనక్కి వెళ్లడం ఉండదు. అప్పుడు విండీ మూసేసి లైవ్ పెట్టుకోండి, పారాచూట్లు నాలుగూ విచ్చుకున్నాయో లేదో చూడాలి.